నచ్చిన ఇండీ గేమ్‌ని ఎదుటివాళ్లు నిజంగా ఆడేలా చెప్పడం ఎలా?

మీకు ప్రాణంలా నచ్చిన గేమ్ ఒకటి ఉంటుంది. దాని గురించి ఫ్రెండ్‌కి ఊపిరి తీసుకోకుండా చెప్తారు, వాడూ బుద్ధిగా వింటాడు, సేల్‌లో కొంటాడు కూడా, ముప్పావు గంట ఆడి పక్కన పడేస్తాడు, ఇక ఆ తర్వాత ఎప్పుడు అడిగినా "టైమ్ దొరకట్లేదు" అనే జవాబే. గేమర్లందరికీ తెలిసిన కథే ఇది. జరిగిందేంటంటే, మీరు వర్ణించింది ఇరవయ్యో గంటని, వాడు ఆడింది మొదటి గంటని. ఆ రెండూ చాలాసార్లు వేరే వేరే గేమ్‌ల్లా ఉంటాయి. ఇండీల్లో, అంటే చిన్న బృందాలు సొంతంగా చేసే గేమ్‌ల్లో, ఇది మరీ ఎక్కువ. పెద్ద స్టూడియోల్లా మొదటి అరగంట మీదే డబ్బు కుమ్మరించే స్తోమత వీళ్లకి ఉండదు, చాలామందికి అలా చెయ్యి పట్టుకుని నడిపించడం ఇష్టమూ ఉండదు.

కాబట్టి కింద చెప్పేదంతా ఆ మొదటి గంటని ఎలా దాటించాలన్న దాని గురించే.

ముందు మనిషి సంగతి కనుక్కోండి

"నీకు ఏ జానర్ ఇష్టం?" అని అడక్కండి. అందరూ ఏదో ఒక జానర్ పేరు చెప్తారు, ఆడేది ఇంకోటి. దానికి బదులు "ఈమధ్య ఏ గేమ్ మధ్యలో వదిలేశావు, సరిగ్గా ఎక్కడ వదిలేశావు?" అని అడగండి. ఆ జవాబుతోనే సగం పని అయిపోతుంది. దారి తెలీక తిరిగి తిరిగి విసుగొచ్చిందన్నవాళ్లకి చెప్పే గేమ్ వేరు, ఒకే బాస్ (దాటాల్సిన పెద్ద శత్రువు) చేతిలో చచ్చి చచ్చి చిరాకేసిందన్నవాళ్లకి వేరు, డైలాగులు చదవలేక వదిలేశా అన్నవాళ్లకి పూర్తిగా వేరు.

తర్వాత అడగాల్సింది, ఒకసారి కూర్చుంటే ఎంతసేపు ఆడగలరని. దీన్ని ఎవరూ పట్టించుకోరు. స్టార్డ్యూ వ్యాలీనే తీసుకోండి. ఎరిక్ బారోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని, బొమ్మలూ సంగీతమూ కోడూ అన్నీ తనే చేసుకుని 2016లో విడుదల చేసిన గేమ్ అది. "మనసుకి హాయిగా ఉండేది ఏదైనా చెప్పు" అనగానే అందరి నోటా మొదట వచ్చే పేరు ఇదే. కానీ అందులో ఒక రోజు అంటే బయట దాదాపు 14 నిమిషాలు, మెనూ తెరిస్తే తప్ప గడియారం ఆగదు, పీసీలో అయితే రాత్రి పడుకుంటేనే సేవ్ అవుతుంది. చెట్లు కొట్టి, పొలానికి నీళ్లు పోసి, కొట్టు మూసేలోపు ఊళ్లోకి పరుగెత్తి విత్తనాలు కొనాలి, ఆ చేపలు పట్టే ఆకుపచ్చ బార్ మొదట్లో ఎవరికీ ఒక పట్టాన లొంగదు. పది నిమిషాల బ్రేక్‌లో ఆడుకునే మనిషికి ఇదంతా టెన్షనే తప్ప హాయి ఎక్కడిది? అలాంటివాళ్లకి స్లే ద స్పైర్ లాంటి, మీ వంతు, శత్రువు వంతు అని నడిచే టర్న్ పద్ధతి గేమ్ చెప్పండి, మధ్యలో ఫోన్ వస్తే ఎత్తి మాట్లాడి వచ్చినా శత్రువు అక్కడే నిలబడి ఉంటాడు.

దేని మీద ఆడతారో కూడా కనుక్కోండి. ఫోన్ తప్ప ఇంకేమీ లేని మనిషికి పీసీ గేమ్ గురించి ఊరించి చెప్పడం పాపం. బలాట్రో, డెడ్ సెల్స్, వ్యాంపైర్ సర్వైవర్స్, పేపర్స్ ప్లీజ్ అన్నీ ఫోన్‌లో కూడా ఉన్నాయి.

అసలు గేమ్‌లే అలవాటు లేనివాళ్లైతే

వీళ్ల దగ్గర మనం చేసే పని ఏంటంటే, కథ బాగున్న గేమ్ ఒకటి చెప్పేస్తాం. ఫైర్‌వాచ్ అంటాం, వాట్ రిమైన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్ అంటాం, "ఇందులో ఫైటింగే లేదు, ఊరికే నడవడమే" అంటాం. ఆ నడవడమే కష్టం! ఎడమ బొటనవేలితో మనిషినీ కుడి బొటనవేలితో కెమెరానీ ఒకేసారి తిప్పడం మనకి ఎప్పుడు వచ్చిందో కూడా గుర్తులేని విద్య. కొత్తవాళ్ల చేతికి కంట్రోలర్ ఇచ్చి చూడండి. ఆకాశం వైపు చూస్తూ గోడకి గుద్దుకుంటారు, వెనక్కి తిరగబోయి నేలని చూస్తారు, కాసేపటికి తల తిరుగుతోందని పక్కన పెట్టేస్తారు. కథ దాకా వెళ్లేదెప్పుడు?

అందుకని కెమెరా గొడవ లేనివాటితో మొదలుపెట్టండి. 2021లో వచ్చిన అన్‌ప్యాకింగ్‌లో మౌస్ ఒక్కటే పని, కొత్తింట్లో పెట్టెలు విప్పి సామాన్లు సర్దడమే ఆట, ఆ సామాన్లని బట్టే వాటి సొంతదారు జీవితం ఎటు పోతోందో మెల్లగా తెలుస్తుంది. ఎ షార్ట్ హైక్‌లో కెమెరా తనంతట తనే చూసుకుంటుంది, తొందరపెట్టేవాళ్లు ఎవరూ లేరు, ఒక సాయంత్రంలో అయిపోతుంది. వ్యాంపైర్ సర్వైవర్స్‌లో అయితే దాడులు వాటంతట అవే జరుగుతాయి, మీరు చేయాల్సింది తప్పించుకు తిరగడం మాత్రమే, కాబట్టి ఒక్క చెయ్యి చాలు. బలాట్రోకి పేకాట రావాలేమో అని భయపడతారు, అక్కర్లేదు, ఏ ముక్కల కూర్పుకి ఎన్ని పాయింట్లో చూపించే పట్టిక గేమ్‌లోనే ఉంటుంది. డబ్బు పెట్టి ఆడే జూదమేమో అని అనుమానపడేవాళ్లూ ఉంటారు, అసలు డబ్బు అందులో ఎక్కడా పెట్టరని ముందే చెప్పేయండి. నిద్ర మాత్రం పోతుంది, అదీ చెప్పండి.

ఒక్కటే చెప్పండి

పది పేర్ల లిస్ట్ పంపితే వాళ్లు దాన్ని సేవ్ చేసుకుంటారు, అంతటితో సరి. ఒక్క పేరు చెప్పండి. రెండోది అడిగితే అప్పుడు చూద్దాం.

చెప్పేముందు మొదటి గంట మీరే మళ్లీ ఆడండి

ఈ పని ఎవరూ చేయరు, కానీ నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కొత్త సేవ్ ఫైల్ తెరిచి, మీకు ఆ గేమ్ గురించి ఏమీ తెలియదనుకుని, ఓ గంట ఆడండి. ఎక్కడ విసుగొస్తోంది, ఎక్కడ ఏం చేయాలో తెలీట్లేదు, ఏ బటన్ గురించి గేమ్ చెప్పకుండా వదిలేసింది, ఇవి గమనించుకోండి.

హాలో నైట్ ఉదాహరణ చూద్దాం. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కి చెందిన టీమ్ చెర్రీ అనే చిన్న బృందం 2017లో విడుదల చేసింది. దాని పేరెత్తగానే మీ మనసులో మెదిలేది సిటీ ఆఫ్ టియర్స్‌లో కురిసే వాన, ఆ సంగీతం, చివరి బాస్‌లు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల చేతికి వచ్చేది మాత్రం బూడిదరంగు సొరంగాలు, ఒక మొండి ఆయుధం. డాష్ (ఒక్క ఊపున ముందుకి దూసుకెళ్లడం) లేదు, గోడలు ఎక్కడం లేదు, మ్యాప్ కూడా లేదు. మ్యాప్ కావాలంటే నేల మీద పడున్న కాగితాల వెంట, ఎవరో కూనిరాగం తీస్తున్న వైపు వెళ్లి, మ్యాప్‌లు అమ్మే కార్నిఫర్‌ని వెతికి పట్టుకుని కొనాలి. కొన్నారా, ఇంకా అయిపోలేదు. మీరు కొత్తగా తిరిగిన చోట్లు ఆ మ్యాప్ మీదికి ఎక్కాలంటే పైన ఊళ్లో అతని భార్య ఇసెల్డా కొట్లో క్విల్ అనే ఈక కలం కొనాలి, అది కూడా మీరు బెంచీ మీద కూర్చున్నప్పుడే మ్యాప్ గీస్తుంది. పైగా మ్యాప్‌లో మీరెక్కడున్నారో కనపడాలంటే చార్మ్ అనే తాయెత్తు లాంటిది ఒకటి కొని తగిలించుకోవాలి. ఈలోపు చచ్చిపోతే సంపాదించిన జియో (ఆ గేమ్‌లో డబ్బు) అంతా చచ్చిన చోటే ఉండిపోతుంది, అక్కడికి వెళ్లి తెచ్చుకోవాలి, దారిలో మళ్లీ చస్తే అదీ పోయినట్టే.

ఇవన్నీ ఆ గేమ్ అందంలో భాగమే, నేను కాదనను. కానీ తెలియని మనిషి ఇక్కడే జారిపోతాడు. కాబట్టి మీరు చెప్పాల్సింది వాన గురించి కాదు. "కాస్త జియో పోగవ్వగానే ఊళ్లోకి వెళ్లి క్విల్, దిక్సూచి చార్మ్ కొనుక్కో, గ్రీన్‌పాత్ అనే చోటు చివర డాష్ వచ్చేదాకా ఓపిక పట్టు, అది చేతికొచ్చాక కూడా పట్టకపోతే వదిలేయ్." ఈ ఒక్క వాక్యం ఎన్ని పొగడ్తలకైనా సమానం. ఇందులో ఒక మజిలీ ఉంది చూశారా, "ఇక్కడిదాకా వెళ్లు చాలు" అని. మొత్తం గేమ్ పూర్తి చేయాలంటే భయపడే మనిషి కూడా మజిలీ దాకా అయితే వెళ్తాడు.

హేడీస్‌కి ఆ మజిలీ మొదటి చావే. చావగానే ఓడిపోయాననుకుని ఆపేస్తారు కొందరు, అక్కడ చస్తేనే కథ ముందుకు కదులుతుందని ముందే చెప్పండి. ఇన్‌టు ద బ్రీచ్‌కి అయితే మొదటి దీవి. శత్రువు తర్వాతి దెబ్బ ఎక్కడ వేస్తాడో గేమ్ ముందే చూపిస్తుంది, అతన్ని చంపడం కంటే పక్కకి నెట్టడం మేలని ఆ దీవిలోనే అర్థమైపోతుంది.

మళ్లీ ఆడినప్పుడు మీకే విసుగొచ్చిందనుకోండి, ఇంకో గేమ్ ఎంచుకోండి, లేదా ఆ విసుగు సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి.

మెసేజ్ ఎలా రాయాలి

"మాస్టర్‌పీస్ రా. ఏమీ చదవకు, ఏమీ చూడకు, నన్ను నమ్మి కొనేయ్." ఇలాంటివి మనందరికీ వచ్చాయి, మనమూ పంపాం. ఇందులో పంపినవాడి ఉత్సాహం తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడు ఇది చూడండి:

"రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ అని ఒకటుంది. కనపడకుండా పోయిన ఓడ ఒకటి రేవుకి తిరిగొస్తుంది, లోపల బతికున్నవాళ్లు లేరు. అరవై మందికి ఏమైందో నువ్వు పుస్తకంలో నింపాలి. ఫైటింగ్ లేదు, టైమ్ లిమిట్ లేదు. శవం దగ్గర నిలబడి ఆ మనిషి చనిపోయిన క్షణంలోకి వెళ్లి చుట్టూ తిరిగి చూడటం, వీడెవడై ఉంటాడా అని బుర్ర గోక్కోవడం, అదే ఆట. రెండే రంగుల బొమ్మ, మొదట్లో కళ్లకి వింతగా ఉంటుంది. మొదటి గంట ఒకరిద్దరు తప్ప ఎవరి పేరూ తేలదు, అది నీ తెలివి తక్కువై కాదు, అందరికీ అంతే. ముగ్గురివి సరిగ్గా రాస్తే గేమ్ ఒప్పుకుని అచ్చు వేస్తుంది. ఆ మొదటి ముగ్గురు దొరికేదాకా ఆడు, అప్పటికీ కిక్ రాకపోతే వదిలేయ్. హెడ్‌ఫోన్స్ పెట్టుకో."

అద్భుతం, అమోఘం లాంటి మాట ఒక్కటీ లేదు. ఆడేవాళ్లు చేతులతో ఏం చేస్తారు, ఏది ఇబ్బంది పెడుతుంది, ఎక్కడిదాకా ఆగాలి, ఇవే ఉన్నాయి. దాన్ని చేసిన లూకస్ పోప్ అంతకుముందు పేపర్స్ ప్లీజ్ చేశాడన్నది ఆసక్తికరమే కానీ, మీ ఫ్రెండ్ అది ఆడి ఉంటేనే రాయండి. అవార్డుల సంగతి అసలు అక్కర్లేదు.

"ఫలానా దానిలాంటిది" అని రాసేటప్పుడు ఏ విషయంలో అలాంటిదో చెప్పకపోతే అది అబద్ధం కిందే లెక్క. ఓబ్రా డిన్ నచ్చినవాళ్లకి 2022లో వచ్చిన ద కేస్ ఆఫ్ ద గోల్డెన్ ఐడల్ చెప్పొచ్చు, నేను చెప్తాను కూడా. కానీ అందులో ఓడలో తిరిగినట్టు తిరగడం ఉండదు, కదలని దృశ్యం మీద క్లిక్ చేసి మాటలు పోగేసుకుని, ఖాళీలు పూరించి ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో తేల్చాలి. కలిసేది ఆ తేల్చడంలోనే. ఇది చెప్పకపోతే ఓడ కోసం వెళ్లినవాళ్లు నిరాశపడతారు.

ఇంకోటి, స్టోర్ లింక్ పంపండి. ఔటర్ వైల్డ్స్, ది ఔటర్ వరల్డ్స్ అని రెండు గేమ్‌లు ఒకే ఏడాది, 2019లో వచ్చాయి, ఒకదానికీ ఇంకోదానికీ ఏ సంబంధమూ లేదు. రెండోది తుపాకులు, సంభాషణలు ఉండే రోల్ ప్లేయింగ్ గేమ్. పేరు నోటితో చెప్తే ఏది కొంటారో ఎవరికి ఎరుక.

స్పాయిలర్ (రహస్యం ముందే చెప్పేయడం) ఎంతవరకు

ఔటర్ వైల్డ్స్ మాటెత్తాం కాబట్టి చెప్తున్నా, దాన్ని రికమెండ్ చేయడం అన్నిటికంటే కష్టం. అందులో మీ అంతరిక్ష ఓడ మరింత మెరుగుపడదు, మీకు కొత్త శక్తులు రావు, మీకు తెలిసిన విషయాలు పెరుగుతాయి అంతే, ఆ తెలిసినవాటితోనే గేమ్ పూర్తవుతుంది. అంటే మీరు చెప్పే ప్రతి రహస్యం వాళ్లు ఆడాల్సిన ఆటలో ఒక ముక్క కోసేసినట్టే. అలాగని "ఏమీ చెప్పను, ఆడు" అంటే మనిషి ఎందుకు ఆడాలి? నేనైతే ఇంతవరకే చెప్తాను: చిన్న సౌరమండలం, చెక్కతో చేసినట్టుండే చిన్న ఓడ, ఎటు వెళ్లమని ఎవరూ చెప్పరు, ఎక్కడ ఆసక్తి కలిగితే అటు వెళ్లు, దారి తప్పితే ఓడలో ఉన్న లాగ్ (తెలుసుకున్నవి రాసుండే చిట్టా) చూడు, వీలైతే కంట్రోలర్‌తో ఆడు. మొదటి రెండు గంటల్లో ఏం జరుగుతోందో అర్థం కాకపోవడం మామూలే.

ఒక పద్ధతి చెప్తా. గేమ్ స్టోర్ పేజీలో డెవలపర్లే రాసుకున్నది చెప్పొచ్చు, మొదటి గంటలో జరిగేది చెప్పొచ్చు, మిగతాది వద్దు. అండర్‌టేల్‌లో ఎవర్నీ చంపకుండా పూర్తి చేయొచ్చన్నది దాని ప్రచారంలోనే ఉంది, కాబట్టి ఆ మాట చెప్పడంలో తప్పులేదు, చెప్తేనే మేలు కూడా. "చివర్లో ట్విస్ట్ ఉంటుంది చూడు" అనడం మాత్రం స్పాయిలరే, ఆ తర్వాత వాళ్లు ఆడటం మానేసి ట్విస్ట్ కోసం కాపలా కాస్తారు.

ముందే హెచ్చరించాల్సినవి

సాలీళ్లంటే భయపడే మనిషికి లింబో చెప్పే ముందు ఆలోచించండి, మొదట్లోనే గుండె జారే సైజులో ఒకటి ఎదురవుతుంది. హాలో నైట్‌లో డీప్‌నెస్ట్ అనే చోటు కూడా అంతే. చదవడం ఇష్టంలేనివాళ్లకి డిస్కో ఎలీజియం వద్దు, పది లక్షల పదాలకు పైగా ఉంది అందులో, నాకెంత ఇష్టమైనా సరే వద్దంటాను. గ్రిస్, ఇన్‌సైడ్ లాంటి వాటిలో డైలాగే లేదు, భాష సమస్య అయినవాళ్లకి అవి హాయి.

కష్టంగా ఉండే గేమ్ చెప్తుంటే, దాన్ని తేలిక చేసుకునే సెట్టింగ్ ఎక్కడుందో కూడా చెప్పండి. సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ ఉంది, గేమ్ వేగం తగ్గించుకోవచ్చు, అలసట లేకుండా చేసుకోవచ్చు, కావాలంటే చావే లేకుండా చేసుకోవచ్చు. హేడీస్‌లో గాడ్ మోడ్ ఆన్ చేస్తే తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం తగ్గుతూ పోతుంది. ఇవి వాడినవాళ్లని ఎగతాళి చేసే బ్యాచ్ ఒకటుంటుంది, మీరు అందులో చేరకండి. గేమ్ చేసినవాళ్లే పెట్టిన సెట్టింగ్ అది.

డబ్బు సంగతి

డెమో ఉందేమో చూసి చెప్పండి. స్టీమ్‌లో (పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) కొని 14 రోజులు దాటకుండా, ఆడింది రెండు గంటల లోపే అయితే రీఫండ్ అడగొచ్చని కూడా చెప్పండి, సగం భయం పోతుంది. మీరు ఇచ్చిన మజిలీ ఆ రెండు గంటల్లోపే వస్తే మరీ మంచిది. రెండు గంటల్లో అయిపోయే బుజ్జి గేమ్‌ని చివరిదాకా ఆడి రీఫండ్ అడగడం మాత్రం చేయొద్దని చెప్పండి. రూల్ ఒప్పుకున్నా, ఒక్కరో ఇద్దరో కూర్చుని చేసిన పని అది.

ఆడుతున్నప్పుడు మీరు చేయాల్సింది

ఏమీ లేదు. నిజంగానే. "ఎక్కడిదాకా వచ్చావ్? ఆ బాస్ అయిందా? అయ్యో ఆ గది చూడలేదా?" ఇవన్నీ, వంట చేస్తున్న మనిషి భుజం మీంచి తొంగిచూసి ఉప్పు వేశావా అని అడిగినట్టుంటాయి. వాళ్లే వచ్చి అడిగితే సాయం చేయండి, అప్పుడు కూడా జవాబు ఒకేసారి ఇవ్వకండి. ఓబ్రా డిన్‌లో ఇరుక్కుంటే "వాళ్లు ఏ ఊయలలో పడుకుంటారో చూశావా?" అనడం చాలు. పేరు చెప్పేస్తే ఆ ఆనందం మీరు తీసేసుకున్నట్టే.

ముక్కూ మొహం తెలియనివాళ్లు అడిగితే

"మంచి ఇండీ గేమ్ చెప్పండి" అని ఎవరైనా నలుగురి మధ్య అడగగానే ఐదు పేర్లు వచ్చి పడతాయి, హాలో నైట్, స్టార్డ్యూ, హేడీస్, సెలెస్ట్, అండర్‌టేల్. అవి గొప్ప గేమ్‌లే, ఆడనివాళ్లకి చెప్పడంలో నామోషీ అక్కర్లేదు. కానీ అడిగిన మనిషి ఏం రాశాడో చివరిదాకా చదవండి, తను ఆడేసినవి అందులోనే ఉంటాయి చాలాసార్లు. ఇక "అది అసలు ఇండీయేనా" అన్న వాదనలోకి దిగకండి. 2023 గేమ్ అవార్డ్స్‌లో డేవ్ ద డైవర్‌ని ఇండీ విభాగంలో నామినేట్ చేసినప్పుడు, దాని వెనకున్నది నెక్సాన్ లాంటి పెద్ద కంపెనీ కదా అని పెద్ద రగడే జరిగింది. వాదన సరైనదే, అడిగిన మనిషికి మాత్రం దానివల్ల ఆడటానికి ఒక్క గేమూ దొరకదు.

ఎవరికీ తెలియని గేమ్ మీకు నచ్చిందా, స్టీమ్‌లో రెండు ముక్కలు రివ్యూ రాయండి. పది రివ్యూలు వస్తే గానీ అక్కడ ఆ గేమ్‌కి రేటింగ్ కనపడదు, కాబట్టి తొమ్మిది దగ్గర ఆగిపోయిన గేమ్‌కి మీ రెండు ముక్కలే పదోది కావచ్చు.

వదిలేస్తే

బాధపడకండి, వాదించకండి, "ఇంకొక్క గంట ఆడితే తెలిసేది" అనకండి. ఎక్కడ ఆపేశారో మాత్రం అడిగి తెలుసుకోండి, ఎందుకంటే తర్వాత చెప్పే గేమ్ అందులోంచే వస్తుంది. హాలో నైట్‌లో దారి తెలీక ఆగిపోయారా, అయితే సెలెస్ట్ చెప్పండి, అక్కడ చావులు లెక్కలేనన్ని ఉన్నా ఎటు వెళ్లాలన్న సందేహం పెద్దగా రాదు, చచ్చిన స్క్రీన్‌లోనే క్షణంలో మళ్లీ మొదలవుతుంది. బాస్ దగ్గర ఆగిపోయి, తిరగడం మాత్రం బాగుందన్నారా, అయితే ఔటర్ వైల్డ్స్ వైపు పంపండి. ఏదీ కాదు, అసలు మొదలుపెట్టాలంటేనే బద్ధకంగా ఉంది అంటే ఎ షార్ట్ హైక్ చెప్పి ఓ రెండు వారాలు ఆ ఊసే ఎత్తకండి.